సాయంత్రం కృష్ణ మీద తిరిగే ఈ వేల పిట్టలు ఏంటండీ? అన్నీ ఒకేసారి ఎట్లా మళ్లుతున్నాయి?

సీతానగరం_గట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. పిట్టల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని చూసి అడుగుతున్నా. మాది తాడేపల్లి. మా నాన్నగారికి మోకాళ్లు సహకరించవు, అందుకని ఆఫీసు నుంచి రాగానే బండి మీద సీతానగరం ఘాట్ దాకా తీసుకెళ్లి కాసేపు గాలికి కూర్చోబెడతా. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి అక్కడ ఒకటి చూస్తున్నాం, ఎంత చూసినా అర్థం కావట్లేదు, చూడకుండా ఇంటికి రాబుద్ధీ కావట్లేదు.

ఐదున్నర ఆ టైంకి ఉండవల్లి పొలాల వైపు నుంచి చిన్న చిన్న గుంపులు రావడం మొదలవుతుంది. ఇరవై, యాభై, వంద అట్లా. వచ్చినవి వచ్చినట్టు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, పావుగంటలో వేలల్లో అవుతాయి. ఇక అప్పట్నుంచి అవి చేసే పని చూడాలి. మొత్తం గుంపు సాగి పొడుగవుతుంది, మధ్యలో ఎవరో నొక్కినట్టు సన్నబడి రెండవుతుంది, రెండూ మళ్లీ వచ్చి ఒకదాంట్లోంచి ఒకటి దూరి కలుస్తాయి, ఒక్కటి కూడా గుద్దుకోదు. ఉన్నట్టుండి ఒక చివర నల్లగా చిక్కబడుతుంది, ఆ నలుపు ఈ చివర దాకా పరిగెత్తుకుంటూ వస్తుంది, అంతలోనే మొత్తం పలచబడి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. మా నెత్తి మీదుగా మళ్లినప్పుడు రెక్కల చప్పుడు సర్రుమని వినపడుతుంది, బ్యారేజీ మీద అంత ట్రాఫిక్ మోతలో కూడా. చీకటి పడబోతుందనగా ఒక్కసారిగా అవతల లంకలో జమ్ములోకి దిగిపోతాయి, దిగాక ఒకటే గోల.

ఇవి ఏ పిట్టలు? మామూలు గోరింకలైతే కాదనుకుంటున్నా. అన్ని వేలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఎట్లా తిరుగుతున్నాయి, ఎందుకు తిరుగుతున్నాయి, పడుకోవడానికి వచ్చినవి నేరుగా పడుకోవచ్చు కదా? నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఆయన రోజూ అడిగేది ఒక్కటే, "వీటికి సిగ్నల్ ఎవరిస్తున్నారమ్మా" అని. ఆయనకి సరైన సమాధానం చెప్పాలని ఉంది. ఇంకో సంగతి, ఆయన నడవాల్సిన పని లేకుండా ఇంకాస్త దగ్గర్నుంచి చూపించే చోటు ఏదైనా ఉంటే అదీ చెప్పండి.

గుంటూరు_బైనాక్యులర్ జవాబు:

నమస్తే అండి. మీరు చెప్పిన టైము, రాక, జమ్ములో దిగడం అన్నీ చూస్తే ఇవి రోజీ స్టార్లింగులు, గులాబీ గోరింకలు అనొచ్చు. ఫోటో లేకపోయినా నేను తొంభై శాతం ధైర్యంగా చెప్తా, ఎందుకంటే మన కోస్తాలో ఈ సీజన్‌లో అన్ని వేలు కలిసి ఇట్లా మెలికలు తిరిగే పిట్ట ఇంకోటి లేదు.

ఖాయం చేసుకోవాలంటే పెద్ద గుంపుని కాదు, ముందుగా వచ్చి కరెంటు తీగల మీదో తుమ్మ చెట్టు మీదో వాలే వాటిని చూడండి. పెద్ద పిట్టలకి తల, మెడ, రెక్కలు, తోక నలుపు, వీపూ పొట్టా గులాబీ రంగు. ఇప్పుడు చలికాలంలో ఆ గులాబీ కాస్త మాసిన గుడ్డ రంగులో కనపడుతుంది, ఈకల చివర ఉండే లేత గోధుమ అంచు అరిగేకొద్దీ మార్చికల్లా కింద ఉన్న అసలు రంగు బయటపడుతుంది, తల మీద జుట్టు కూడా అప్పుడే బాగా తెలుస్తుంది. పిల్లలైతే పూర్తిగా వేరే పిట్టల్లా ఉంటాయి, ఇసుక రంగు ఒళ్లు, పసుపు ముక్కు. ఎగిరేటప్పుడు ఒక గుర్తు చెప్తా, మన ఇళ్ల దగ్గర తిరిగే మామూలు గోరింక రెక్క విప్పితే తెల్ల మచ్చ కొట్టొచ్చినట్టు కనపడుతుంది, వీటికి ఆ తెలుపు ఉండదు. రెక్క త్రికోణంలా కొసగా, తోక పొట్టిగా ఉంటాయి, ఎగిరిపోయే తీరు కూడా తిన్నగా, వడిగా ఉంటుంది.

ఇవి గూడు కట్టేది మన దేశంలో కాదు. కజకిస్తాన్, ఆ చుట్టుపక్కల మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో, రాళ్ల గుట్టల సందుల్లో, వేల జంటలు ఒకే చోట. అక్కడ మిడతలు పుష్కలంగా ఉండే మే, జూన్ నెలల్లో గబగబా పిల్లల్ని లేపుకుని వెంటనే బయల్దేరతాయి. జులై ఆఖరు, ఆగస్టు నుంచే మన దేశంలోకి రావడం మొదలవుతుంది, మళ్లీ ఏప్రిల్ దాకా ఉంటాయి. అంటే ఏడాదిలో ఎక్కువ నెలలు బతికేది మన నేల మీదే. వలస పిట్టలు అనగానే చుట్టాల్లా చూస్తాం గానీ వీటిని మన ఊరి పిట్టలు అనడమే నాకు న్యాయంగా అనిపిస్తుంది.

గుజరాత్‌లో జామ్‌నగర్ ఊరి మధ్య చెరువు మీద ఇదే పిట్టల ఆట చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వెళ్తారు. మనకి ఘాట్ మీద కూర్చుంటే దొరుకుతోంది. నాన్నగారిని రోజూ తీసుకెళ్లండి.

దుగ్గిరాల_మాగాణి జవాబు:

అక్కా మా దగ్గర ఇవి బాగా తెలుసు, కాకపోతే మేం చూసే లెక్క వేరు. వరి కోసిన మాగాణుల్లో జొన్న, మొక్కజొన్న వేస్తాం కదా, జొన్న కంకి పాలు పోసుకుని గింజ గట్టిపడే టైంకి ఇవి దిగుతాయి. ఒక గుంపు చేలో వాలిందంటే ఐదు నిమిషాల్లో కంకులు గీకేసి లేచిపోతుంది. మా తాత మంచె మీద కూర్చుని వడిసెల తిప్పేవాడు, రాయి తగలాలని కాదు, ఆ వడిసెల కొస పెటిల్లుమనే చప్పుడుకే గుంపు మొత్తం లేచేది. ఇప్పుడు మేం మెరిసే రిబ్బన్లు కడుతున్నాం, డబ్బా కొడుతున్నాం, గాలి ఉన్నరోజు రిబ్బను పనిచేస్తుంది, గాలి లేకపోతే దాని పక్కనే కూర్చుని తింటాయి.

అయితే ఒక మాట కూడా చెప్పాలి. ఇవే పిట్టలు పొద్దున పూట మినుము చేలో, దున్నిన నేలలో దిగి నడుచుకుంటూ పురుగు ఏరుకుంటాయి, వెనకున్నవి ముందున్న వాటి మీదుగా ఎగిరి ముందుకొచ్చి వాలుతుంటాయి, అట్లా చేను చేనంతా దొర్లుకుంటూ పోతాయి. మిడత కనపడితే వదలవు. ట్రాక్టరు వెనక కొంగలతో పాటు తిరుగుతాయి. కాబట్టి మా నాన్న వీటిని తిట్టడు, జొన్న ఉన్న ఆ మూడు వారాలు కాపలా కాస్తాడు, మిగతా రోజులు వాటి దారిన వాటిని వదిలేస్తాడు. నాకూ అదే సబబు అనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం మాకు అనుభవం. పొలంలో లేచిన గుంపుకి మెలికలు ఉండవు, లేచి తిన్నగా పక్క చేలోకి పోతుంది. ఆ ఆట అంతా సాయంత్రం పడక దగ్గరే.

వన్‌టౌన్_పావురాలు జవాబు:

నాకు పావురాలు పెంచే అలవాటు ఉంది, చిన్నప్పట్నుంచి మేడ మీద ఎగరేస్తున్నా. నా అభిప్రాయం ఏంటంటే గుంపన్నాక పెద్ద ఒకటి ఉండి తీరుతుంది. నా పావురాల్లో ఏది మళ్లితే మిగతావి మళ్లుతాయో నేను వేలు పెట్టి చూపిస్తా. దాన్ని గూట్లో ఉంచేసి మిగతావి వదిలితే ఆ పూట తిరుగుడులో తేడా తెలిసిపోతుంది. కొత్తగా తెచ్చిన పిట్ట ఎప్పుడూ వెనకాలే. మరి వేల పిట్టలకి ముందు నడిచేది లేదంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. బ్యారేజీ మీదుగా కొంగలు బారు కట్టి పోయినా ముందు ఒకటి ఉంటుంది కదండీ. నాన్నగారు అడిగింది చాలా సరైన ప్రశ్న.

అరండల్‌పేట_ఫిజిక్స్ జవాబు:

కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, ఈ సబ్జెక్టు అంటే నాకు ప్రాణం, కొంచెం పొడుగవుతుంది ఏమనుకోకండి.

ముందు పావురాల సార్ మాట. పావురాల విషయంలో మీరు చూసింది నిజమే సార్. 2010లో పావురాల వీపుకి చిన్న జీపీఎస్ పరికరాలు కట్టి ఎగరేసి చూశారు, పది దాకా ఉన్న గుంపుల్లో. ఏది ముందు మళ్లింది, దాన్ని చూసి ఏది మళ్లింది అని సెకనులో చిన్న చిన్న భాగాల లెక్కన తీస్తే ఒక వరస బయటపడింది, పెద్ద, దాని కింద రెండు, వాటి కింద ఇంకొన్ని అట్లా. కాబట్టి పావురాలకి ఉంది. స్టార్లింగులకి లేదు, లేదని కూడా కొలిచే చెప్పారు.

దీనికి పెద్ద కథే ఉంది. వందేళ్ల కిందట ఇంగ్లండ్‌లో ఎడ్మండ్ సెలూస్ అనే ఆయన ఏళ్ల తరబడి ఈ గుంపుల్ని చూసి చూసి, ఇంత వేగంగా కబురు పోవాలంటే మనసు నుంచి మనసుకి ఆలోచన పాకుతూ ఉండాలి అని 1931లో రాశారు. ఆయన పిట్టల్ని బాగా తెలిసిన మనిషి, అయినా అంతకన్నా వేరే దారి కనపడలేదు. తర్వాత 1984లో వేన్ పాట్స్ అనే అమెరికన్, డన్లిన్ అనే చిన్న ఉల్లంకి పిట్టల గుంపుల్ని ఫిల్మ్ తీసి ఒక్కో ఫ్రేమూ చూశారు. మలుపు ఒకచోట మొదలై అలలా పాకుతోంది, ఒక పిట్ట నుంచి పక్క పిట్టకి సుమారు 15 మిల్లీసెకన్లలో పోతోంది. అదే పిట్టని ఒంటరిగా ఉలిక్కిపడేలా చేస్తే కదలడానికి 38 మిల్లీసెకన్లు పట్టింది. పక్కదాన్ని చూసి కదలడమే అయితే ఆ వేగం కుదరదు కదా. అంటే అల దూరంగా ఉండగానే చూసి, తన దాకా వచ్చే టైంకి సిద్ధంగా ఉంటోంది. మన ఊళ్లలో కోలాటం ఆడేవాళ్లని చూడండి, అవతల చివర వరస మారడం కంటపడగానే ఇవతల అమ్మాయి అడుగు సర్దుకుంటుంది, కర్ర తన ముందుకి వచ్చేదాకా ఆగదు. కాకపోతే కోలాటానికి గురువు ఉంటాడు, ఇక్కడ ఆ గురువు కూడా లేడు. పాట్స్ చూసినదాంట్లో ఇంకో ముచ్చట ఉంది, గుంపు లోపలికి మళ్లిన పిట్ట వెంట మిగతావి మళ్లుతాయి, గుంపు వదిలి బయటికి మళ్లిన పిట్టని ఎవరూ పట్టించుకోరు.

1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ ఆయన తెర మీద పిట్టల్ని ఎగరేశారు. ఒక్కోదానికి మూడే రూల్స్ ఇచ్చారు, పక్కవాటికి మరీ దగ్గరగా పోకు, పక్కవాటి దిక్కునే పో, పక్కవాటికి దూరమైపోకు. అంతే. గుంపు ఎట్లా తిరగాలో ఎక్కడా రాయలేదు, గుంపు తనంతట తానే వచ్చింది.

కానీ నిజం పిట్టలు ఏం చేస్తాయో కొలవాలి కదా, అది రోమ్‌లో జరిగింది. అక్కడ రైల్వే స్టేషన్ దగ్గర చెట్ల మీద చలికాలంలో స్టార్లింగులు పడుకుంటాయి, ఆ పక్కనే ఉన్న మ్యూజియం మేడ మీద కెమెరాలు దూరదూరంగా పెట్టి ఒకే క్షణంలో ఫోటోలు తీసి, రెండు వేలకి పైగా ఉన్న గుంపులో కూడా ఏ పిట్ట గాలిలో ఎక్కడుందో మూడు కొలతల్లో లెక్కగట్టారు. ఆండ్రియా కవాన్యా, ఇరేనే జార్దీనా, జార్జో పారిసి వాళ్లంతా ఆ టీం. 2008లో వాళ్లు చెప్పింది నేను ప్రతి ఏడూ క్లాసులో చెప్తా. ఒక పిట్ట గమనించేది సగటున తన చుట్టూ ఉన్న ఆరేడు పిట్టల్నే. ఇంత దూరంలో ఉన్నవాటిని అని కాదు, దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా మొదటి ఆరేడు. దీనివల్ల ఏం లాభమంటే, గుంపు పలచబడినా ఆ ఆరేడుతో ముడి తెగదు. మీటర్ల లెక్కన చూసుకునే పని అయితే పలచబడిన క్షణంలోనే గుంపు చెల్లాచెదురైపోయేది. మీరు చూసిన సాగడం, సన్నబడటం, మళ్లీ కలవడం అందుకే కుదురుతున్నాయి. 2010లో ఇంకోటి కూడా తేల్చారు, గుంపు ఎంత పెద్దదైనా ఒక చివర వచ్చిన చిన్న మార్పు అవతలి చివర దాకా పోతోంది, మధ్యలో చచ్చిపోవట్లేదు.

గుద్దుకోకపోవడానికి కూడా వాళ్ల కొలతల్లోనే ఒక సంగతి దొరుకుతుంది. పిట్టకి దగ్గరి పొరుగు ఎక్కువగా పక్కల్లో ఉంటోంది, ఎదురుగా వెనకగా కాదు. కళ్లు తలకి రెండు పక్కలా ఉన్నాయి, పక్కన ఉన్నదే బాగా కనపడుతుంది, ముందు ఖాళీ ఉంచుకుంటుంది.

ఇక పెద్ద ఎవరు అనే మాట. మలుపు సాధారణంగా ఒకచోట పక్కపక్కన ఉన్న కొద్ది పిట్టల దగ్గర మొదలవుతుంది, ఈసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ. పైగా మళ్లేటప్పుడు అన్నీ దాదాపు ఒకే సైజు మలుపు తీసుకుంటాయి. సైనికుల పెరేడ్‌లో లోపలివాళ్లు నెమ్మదిగా బయటివాళ్లు వేగంగా తిరుగుతారు కదా, అట్లా కాదు. దాంతో మలుపుకి ముందు ముఖం వైపు ఉన్న పిట్ట మలుపు అయ్యాక పక్కకి పోతుంది, పక్కన ఉన్నది ముందుకొస్తుంది. ముందుండే స్థానమే ఎవరికీ నిలవదు. కాబట్టి నాన్నగారికి చెప్పండి, సిగ్నల్ ఇచ్చే క్యాబిన్ ఎక్కడా లేదు, ప్రతి పిట్టా పక్కనున్న ఆరేడుకి సిగ్నల్ ఇస్తోంది, వాటి దగ్గర తీసుకుంటోంది.

పారిసికి 2021లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అది ముఖ్యంగా స్పిన్ గ్లాస్ అనే ఒక రకం అయస్కాంత పదార్థాల మీద చేసిన వేరే పనికి, కానీ రెండిట్లో ఆయన వెంటాడింది ఒకటే, పక్కపక్కవాటి మధ్య చిన్న సంబంధాల్లోంచి మొత్తానికి ఒక నడక ఎట్లా పుడుతుంది అని. ఆ కొలతలన్నీ యూరప్‌లో ఉండే మామూలు స్టార్లింగు మీదవి, మనకి వచ్చే రోజీ స్టార్లింగు దాని దగ్గరి బంధువు, ఆకాశంలో తిరిగే తీరు అదే.

సీతానగరం_గట్టు:

సార్ మీరు రాసింది నాన్నగారికి మొత్తం చదివి వినిపించా. ఆరేడు అన్న దగ్గర ఆపించి మళ్లీ చదవమన్నారు. ఇవాళ ఘాట్ దగ్గర మలుపు ఎక్కడ మొదలవుతుందో అని వెతుకుతూ కూర్చున్నారు, ఒక్కోసారి కింద అంచు నుంచి, ఒక్కోసారి ఎడమ చివర నుంచి, మీరు చెప్పినట్టే. ఇంకో రెండు సందేహాలు. ఆ నలుపు పరిగెత్తడం ఏంటి, పిట్టలు దగ్గరికి జరుగుతున్నాయా? రెండోది, డేగ కోసం ఇట్లా చేస్తాయని యూట్యూబ్‌లో చూశా, మాకైతే చాలా రోజులు డేగ కనపడలేదు, అయినా తిరుగుతూనే ఉన్నాయి.

అరండల్‌పేట_ఫిజిక్స్:

నలుపు గురించి. గుంపు మనకి ముద్దలా కనపడుతుంది గానీ నిజానికి చాలాసార్లు పలచని దుప్పటి ఆకారం, వెడల్పు ఎక్కువ, మందం తక్కువ. ఆ పలక మనవైపు పరుచుకుని ఉంటే పిట్టలు విడివిడిగా, ఆకాశం సందుల్లోంచి తెలుస్తూ ఉంటుంది. అదే పలక అంచు మనవైపు తిరిగితే ఒకదాని వెనక ఒకటి వరసలు వరసలుగా పడి నల్లబడుతుంది. దానికి తోడు పిట్ట మళ్లేటప్పుడు ఒరుగుతుంది, రెక్క మొత్తం మన కంటికి కనపడుతుంది, అందుకని మలుపు పోయినచోటల్లా నలుపు పోతుంది. మీరు చూసిన పరుగు ఆ మలుపు అలే. ఇంకో వింత ఏంటంటే గుంపు మధ్యలో కంటే అంచుల్లోనే పిట్టలు దగ్గరదగ్గరగా ఉంటాయి, రోమ్ కొలతల్లో అదీ తేలింది.

గుంటూరు_బైనాక్యులర్:

డేగ సంగతి నేను చెప్తా. ఇంగ్లండ్‌లో పరిశోధకులు జనాన్నే అడిగి, మీ ఊళ్లో స్టార్లింగ్ గుంపు చూస్తే రాసి పంపండి అని, 3,000కి పైగా రిపోర్టులు పోగేసి 2017లో ఫలితాలు వేశారు. వేటాడే పిట్ట కనపడింది మూడో వంతు కంటే తక్కువ సార్లే. కానీ అది ఉన్న సాయంత్రాలు గుంపు పెద్దగా ఉంది, ఎక్కువసేపు తిరిగింది, చాలాసార్లు మొత్తం ఒక్కసారిగా పడకలోకి దిగింది. వెచ్చదనం కోసం గుమికూడతాయి అనే వాదానికి పెద్దగా బలం దొరకలేదు. కాబట్టి ప్రతిరోజూ డేగ రాకపోయినా, ఎప్పుడైనా రావచ్చు అనే భయంతోనే ఈ జాగ్రత్త అని నా నమ్మకం. దిగే క్షణమే అన్నిటికంటే ప్రమాదం, ముందు దిగిన నాలుగు పిట్టలు దొరికిపోతాయి, అందుకని ఎవరూ ముందు దిగరు, తిరుగుతారు, చీకటి బాగా దగ్గరపడ్డాక కలిసి దిగుతారు. నేరుగా పడుకోవచ్చు కదా అన్నారే, దానికి ఇదే జవాబు.

డేగ వచ్చిన రోజు తప్పకుండా తెలుస్తుంది. భైరి డేగ అయితే పైనుంచి పడుతుంది, శరవేగం. ఆ క్షణంలో గుంపు ఒక్కసారిగా ముద్దయిపోతుంది, డేగ దూసుకొచ్చిన చోట గుండ్రంగా ఖాళీ తెరుచుకుని దాని వెనకే మూసుకుంటుంది. ఎటు చూసినా ఒకేలాంటి పిట్టలు కదులుతుంటే ఒక్కదాని మీద గురి నిలవదు. చాలాసార్లు ఖాళీ కాళ్లతో పోతుంది. నేను ఉప్పలపాడులో చూశా, గుంపు నుంచి ఒకటి విడిపోయి ఒంటరైంది, డేగ గుంపుని వదిలేసి దాని వెంట పడింది.

పెదకాకాని_సాయంత్రం:

ఉప్పలపాడు పేరొచ్చింది కాబట్టి నేనూ రాస్తున్నా, మాది ఆ పక్కనే. అక్కా, నాన్నగారికి దగ్గర్నుంచి చూపించాలంటే అక్కడికే తీసుకురండి. గుంటూరుకి దగ్గర, ఊళ్లోకి ఆటో వస్తుంది, చెరువు గట్టు పక్కనే దిగొచ్చు, ఎక్కువ నడక ఉండదు. అక్కడ చెరువులో సర్కారు తుమ్మ చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు ఏడాదిలో చాలా నెలలు ఉంటాయి, చలికాలం సాయంత్రం ఈ గులాబీ గోరింకలు కూడా పడకకి వస్తాయి. అంత పెద్ద గూడబాతు రెక్కలు ముడుచుకుని నింపాదిగా కూర్చుని ఉంటే దాని చుట్టూ వేల పిట్టలు వచ్చి దిగుతుంటాయి, చెట్టు కొమ్మలు బరువుకి వంగుతాయి, ఒకటి కూర్చున్న చోట ఇంకోటి వచ్చి తోస్తుంది, లేచి మళ్లీ వేరే కొమ్మ, ఇట్లా చీకటి పడేదాకా చోటు కోసం తగువే. నాన్నగారు కుర్చీలో కూర్చుని చూడొచ్చు. ఐదింటికల్లా వచ్చేయండి.

వీడియో తీసేవాళ్లకి ఒక మాట. ఫోన్ అడ్డంగా పట్టుకోండి, జూమ్ చేయకండి, గుంపు ఎటు పోతుందో మనకి తెలీదు కాబట్టి ఆకాశం ఎక్కువ ఉంచాలి. ఆకాశం మీద వేలు నొక్కి పట్టుకుని వెలుతురు లాక్ చేస్తే మధ్యలో తెల్లబడదు. డ్రోన్ మాత్రం తేవద్దు, చేతులెత్తి చెప్తున్నా. డ్రోన్ వాటికి డేగ లెక్కే, పడక వదిలేసి చీకట్లో వేరే చోటు వెతుక్కుంటూ పోతాయి, పక్కనున్న కొంగల పిల్లలు గూళ్లలోంచి కింద పడే ప్రమాదం కూడా ఉంది.

ఇంకోటి బాధగా ఉండి చెప్తున్నా. మా ఊరి వైపు కాలవ పక్కన పెద్ద జమ్ము పొద ఉండేది, రోజూ సాయంత్రం అక్కడ ఇవే పిట్టలు. ప్లాట్లు వేయడానికి ఒక వేసవిలో తగలబెట్టి చదును చేశారు, ఆ తర్వాతి ఏడాది పిట్టలు వచ్చి ఆ చోటు మీద తిరిగి తిరిగి వెళ్లిపోయాయి. జమ్ము అంటే పనికిరాని గడ్డి అని అందరి లెక్క. నీళ్ల మధ్య ఉంటుంది కాబట్టి పిల్లీ కుక్కా పోలేవు, ఈ పిట్టలకి అంతకంటే భద్రమైన పడక లేదు. లంకలో మీరు చూసే జమ్ము ఉన్నన్నాళ్లే ఆ ఆట అక్కడ ఉంటుంది.

దుగ్గిరాల_మాగాణి:

అన్నా నువ్వు చెప్పింది నిజం, మా వైపు కూడా మురుగుకాలవల జమ్ము పోయాక పిట్ట తగ్గింది. పైన బైనాక్యులర్ సార్ మిడతల మాట రాశారు కదా, దాని గురించి నేను కూడా చదివా. చైనాలో షింజియాంగ్ అనే చోట మిడతల బెడదకి మందు కొట్టీ కొట్టీ, 1980ల నుంచి ఈ పిట్టల కోసం రాళ్లతో గూళ్ల గుట్టలు కట్టడం మొదలుపెట్టారంట, పిట్టలు వచ్చి మిడతల్ని తిని పెట్టాయంట. అక్కడ గూడు కట్టి పిలిచిన పిట్టే ఇక్కడ మా జొన్న తినేది. కాపలా కాస్తాం గానీ మందు పెట్టే ఆలోచన మాత్రం ఎవరూ చేయొద్దని మా ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టా.

వన్‌టౌన్_పావురాలు:

ఫిజిక్స్ సార్, పావురాల లెక్క బాగా చెప్పారు, సంతోషం. నేను రేపు సాయంత్రం బైక్ వేసుకుని సీతానగరం వస్తున్నా, నా కళ్లతో చూస్తా. ఒక ప్రశ్న, గుంపులో ఎన్ని ఉన్నాయో ఎట్లా చెప్తారు, ఐదు వేలా యాభై వేలా? నా పావురాలు నలభై ఉంటేనే గాలిలో లెక్క తప్పుతా.

గుంటూరు_బైనాక్యులర్:

ఎగురుతుంటే ఒక్కోటీ లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు సార్. ఒక మూల పది పిట్టలు ఎంత చోటు పట్టాయో చూసుకోండి, అట్లాంటి పది చోట్లు కలిపితే వంద, ఆ వంద ఎంత మేరో కంటికి పట్టాక దాన్నే గుంపంతా పరుచుకుంటూ పోండి. ఇంకా మంచి పద్ధతి, పెద్ద గుంపు కట్టకముందే చిన్న గుంపులు వచ్చేటప్పుడు వాటిని విడివిడిగా రాసుకుని కూడటం. లేదా ఫోటో తీసి ఇంటికెళ్లి గళ్లు గీసి లెక్కపెట్టండి, మొదట్లో అందరూ ఉన్నదానికంటే తక్కువే చెప్తారు. ఆ అంకె, తేదీ, చోటు ఈబర్డ్‌లో, అంటే పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో, ఎక్కించండి. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని ప్రపంచమంతా జనం పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం ఉంటుంది, అప్పుడు ఎక్కిస్తే ఇంకా మంచిది. సీతానగరం లంకలో ఇన్ని వేలు పడుకుంటున్నాయి అని ఏటా లెక్క ఉంటే, రేపు ఎవరైనా ఆ జమ్ము జోలికి వచ్చినప్పుడు చూపించడానికి మన చేతిలో కాగితం ఉంటుంది.

వాణ్ణీ వీణ్ణీ అడగాల్సిన పని లేకుండా మార్చి దాకా రోజూ కనపడతాయి. మోదుగ, బూరుగ పూసినప్పుడు పగలు కూడా ఆ చెట్ల మీద పూల తేనె తాగుతూ దొరుకుతాయి, అప్పుడు గులాబీ రంగు ఎంత ముదిరిందో దగ్గర్నుంచి నాన్నగారికి చూపించొచ్చు. ఏప్రిల్‌లో గుంపులు పలచబడి నెలాఖరుకి దాదాపు ఖాళీ. మళ్లీ ఆగస్టు, సెప్టెంబరులో ఇసుక రంగు పిల్లలతో కలిసి వస్తాయి.